మిటెన్ మాదిరుల చరిత్ర: చేతి నుంచి చేతికి, చేతి నుంచి కాగితానికి

చలి తీవ్రంగా ఉండే ఉత్తర దేశాలలో చేతులకు వేసుకునే తొడుగులు ప్రధానంగా రెండు రకాలు. ఐదు వేళ్లకూ ఐదు విడి గదులు ఉన్నది గ్లవ్. బొటనవేలికి మాత్రం ఒక గది ఇచ్చి, తక్కిన నాలుగు వేళ్లనూ ఒకే సంచిలో కలిపి ఉంచేది మిటెన్. నాలుగు వేళ్లూ ఒకదానినొకటి తాకుతూ ఉండడం వల్ల వాటి వేడి పరస్పరం అందుతుంది, చల్లగాలికి ఎదురయ్యే ఉపరితలమూ తగ్గుతుంది కనుక, ఒకే మందం గల ఉన్నితో చేసినప్పుడు గ్లవ్ కంటే మిటెనే ఎక్కువ వెచ్చగా ఉంటుంది. దానిని చేయడమూ తేలిక, చిరిగితే బాగుచేసుకోవడమూ తేలిక. నార్వే, ఐస్‌లాండ్, ఎస్టోనియా, లాట్వియా మొదలుకొని అట్లాంటిక్ అవతలి లాబ్రడార్ దాకా, కొనకుండా ఇంట్లోనే తయారుచేసుకునే వస్తువుగా మిటెన్ శతాబ్దాల పాటు నిలవడానికి ఈ సౌలభ్యాలన్నీ కారణమే.

ఈ వస్తువు చరిత్రకు రాజశాసనాలు లేవు, వర్తకుల దస్తావేజులూ తక్కువే. చేసినవారు ఇంటి స్త్రీలు, వాడినవారు రైతులు, జాలరులు, అడవిలో చెట్లు నరికేవారు. ఉన్ని అరిగిపోగానే వస్తువు కూడా పోయేది. మిగిలిన ఆధారాలు సమాధులలోనూ, బురదనేలలలోనూ, పెళ్లి పెట్టెలలోనూ, చివరకు పాతగుడ్డల కుప్పలలోనూ దొరికినవి. వాటిని కాలక్రమంలో ఉంచి పరిశీలించినప్పుడు ఒక విషయం స్పష్టపడుతుంది: మిటెన్ మాదిరి కాగితం మీదికి చేరింది చాలా ఆలస్యంగా. అంతకుముందు పాత మిటెనే కొత్త మిటెన్‌కు మాదిరిగా పనిచేసింది, చేయి నేర్చిన పనిని చేయే గుర్తుంచుకుంది. కాగితం వచ్చిన తరువాత మాదిరులు చెడిపోకుండా నిలిచాయి. అయితే నిలిచిన మేరకు అవి మార్పుకు లొంగని స్థిరరూపాలుగా కూడా మారాయి. ఈ రెండు ఫలితాలనూ కలిపి చూడకపోతే ఈ చేతిపని చరిత్ర సగమే అర్థమవుతుంది.

మాదిరి అన్నప్పుడు ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను గుర్తించాలి. గుడ్డతోగాని తోలుతోగాని మిటెన్ కుట్టేవారికి కావలసింది చేతి ఆకారపు హద్దుగీత, అంటే ఎక్కడ కత్తిరించాలో చెప్పే అచ్చు. నూలుతో అల్లేవారికి కావలసింది ఎన్ని కుట్లతో మొదలుపెట్టాలి, ఎన్ని వరుసల తరువాత బొటనవేలికి చోటివ్వాలి, ఏ కుట్టులో ఏ రంగు నూలు రావాలి అన్న క్రమం. మొదటిది స్థలానికి సంబంధించిన జ్ఞానం, రెండవది లెక్కకు సంబంధించినది.

కత్తిరించి కుట్టిన మిటెన్లకు చాలా పాత ఉదాహరణ ఐస్‌లాండ్‌లోని హేనెస్ అనే చోట దొరికింది. 10వ శతాబ్దానికి చెందినవిగా నిర్ణయించిన ఆ పిల్లల మిటెన్లు ‘వాద్‌మాల్’ అనే ఉన్ని నేతగుడ్డతో చేసినవి. వాద్‌మాల్ ఆనాటి ఐస్‌లాండ్‌లో ఒంటికి కట్టుకునే గుడ్డ మాత్రమే కాక, పన్నులూ అప్పులూ చెల్లించడానికి నాణెం స్థానంలో చెలామణీ అయిన సరుకు కూడా. ఈ రెండు మిటెన్లనూ ఒక పొడవైన తాడు కలుపుతుంది. ఆ తాడును అంగీ చేతుల గుండా భుజాల మీదుగా తీసుకుపోతే పిల్లవాడు ఆటలో తొడుగు విప్పినా అది మంచులో పడిపోదు. వెయ్యేళ్ల కిందటి తల్లి చేసిన ఈ ఏర్పాటును చలిదేశాలలో నేటికీ పిల్లల మిటెన్లకు చేస్తూనే ఉన్నారు. విలువైన గుడ్డను వృథా చేయకుండా చిన్న చేతికి సరిపడా కత్తిరించడానికి ఆమె వాడిన కొలత ఏదో ఆధారాలు చెప్పవు గాని, పిల్లవాడి చేయే ఆ కొలత అయి ఉంటుందనుకోవడంలో తప్పులేదు.

తోలు మిటెన్ల విషయంలో ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ స్త్రీల పనితనం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సీలు చర్మాన్నీ, కారిబూ అనే ఉత్తరదేశపు దుప్పి చర్మాన్నీ వారు ‘ఉలు’ అనే అర్ధచంద్రాకారపు కత్తితో కోసి, జంతువుల స్నాయువుల నుంచి తీసిన పీచుతో కుట్టేవారు. కొలబద్ద లేదు, మనిషిని కళ్లతో చూసి, బెత్తెలతో, వేళ్ల వెడల్పులతో కొలిచి, నేరుగా చర్మం మీద కోత పెట్టేవారు. నీటి దగ్గర వాడే తొడుగులలో సూది రెండవ చర్మపు పొరను పూర్తిగా దాటిపోకుండా, దాని మందంలో సగం వరకే గుచ్చి బయటికి తీసేవారు కనుక కుట్టు రంధ్రాల గుండా నీరు లోపలికి దిగేది కాదు. వేటగాడి చేతులు కొంకర్లు పోయాయంటే వేట లేదు, వేట లేకపోతే కుటుంబానికి తిండి లేదు. కనుక అక్కడ కుట్టుపని ప్రాణాలు నిలబెట్టే విద్య. తరువాతి కాలంలో కాగితం, అట్ట అందుబాటులోకి వచ్చినప్పుడు ఈ స్త్రీలు తమ కొలతలను అట్టముక్కలుగా కత్తిరించి దాచుకోవడం మొదలుపెట్టారు. కళ్లలో ఉన్న కొలత అట్ట మీదికి దిగిన క్షణం ఏ చరిత్ర పుస్తకంలోనూ ఘనంగా నమోదు కాలేదు గాని, ఆ మార్పు చిన్నది కాదు.

ఉన్ని నూలుతో చేసే మిటెన్లకు రెండు పద్ధతులున్నాయి, వాటిని తరచుగా ఒకటే అనుకుంటారు. పాతది ‘నాల్‌బైండింగ్’: ఒకే సూదితో, పొట్టి నూలు ముక్కతో, ప్రతి ఉచ్చులోనూ నూలు మొత్తాన్నీ దూర్చి లాగే పద్ధతి. నూలు అయిపోయినప్పుడల్లా కొత్త ముక్కను పాతదానికి తడిచేసి నలిపి కలుపుతారు. ఉచ్చు పరిమాణాన్ని ఎడమచేతి బొటనవేలే నిర్ణయిస్తుంది. ఈ అల్లిక తెగినా ఊడిపోదు, చాలా గట్టిది, పని మాత్రం నిదానం. రెండవది రెండు లేదా అంతకంటే ఎక్కువ సూదులతో, తెగని పొడవాటి నూలుతో చేసే అల్లిక, అంటే నిట్టింగ్. ఇది 11, 12 శతాబ్దాల నాటికి ఈజిప్టులో ఉన్నట్లు అక్కడ దొరికిన అల్లిక ముక్కలు చెబుతున్నాయి. స్వీడన్‌లో ఆస్లె అనే చోట బురదనేలలో దొరికిన నాల్‌బైండింగ్ మిటెన్‌ను చాలాకాలం 3, 4 శతాబ్దాలదిగా భావించారు. కార్బన్ పరీక్షలు జరిగిన తరువాత అది 16, 17 శతాబ్దాల వస్తువని తేలింది. సూదుల అల్లిక వచ్చేయగానే పాత పద్ధతి అంతరించిపోయిందన్న సులభమైన కథనానికి ఈ ఒక్క మిటెనే జవాబు. రెండూ ఒకే ఊళ్లో, బహుశా ఒకే ఇంట్లో, తరాలపాటు కలిసి బతికాయి.

సూదులతో అల్లిన తొడుగు ఉత్తర ఐరోపాలో ఎంత పాతదో చెప్పే ఆధారం ఈశాన్య ఎస్టోనియాలోని యోఉగా శ్మశానంలో దొరికింది. 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం ఆరంభం నాటి సమాధిలోని ఆ చిన్న ముక్క ఉత్తర ఐరోపాలో అల్లిక పనికి అత్యంత ప్రాచీనమైన నిదర్శనాలలో ఒకటి. మరణించిన వ్యక్తితోపాటు సమాధి చేయదగినంత విలువను ఆనాటివారు ఒక తొడుగుకు ఇచ్చారన్నది ఆ ముక్క చెప్పే రెండవ సంగతి.

సముద్రం మీద పనిచేసేవారి మిటెన్లు వేరే దారి పట్టాయి. ఐస్‌లాండ్ జాలరుల కోసం స్త్రీలు ఒకే మిటెన్‌కు రెండు బొటనవేళ్లు అల్లేవారు; వల తాళ్ల రాపిడికి అరచేతి వైపు అరిగినా తడిసినా, తొడుగును తిప్పి రెండవ బొటనవేలిలో వేలు దూర్చుకుంటే పొడిగా ఉన్న వైపు అరచేతికి వచ్చేది. ఇటువంటి తొడుగులను చేతికంటే చాలా పెద్దవిగా అల్లి, తడిపి, బాగా మర్దించి కుదింపజేసేవారు. తడి ఉన్నిని వేడితోనూ రాపిడితోనూ నలిపినప్పుడు దాని పీచులపై ఉండే సూక్ష్మమైన పొలుసులు ఒకదానికొకటి చిక్కుకొని గుడ్డ దట్టమవుతుంది. ఎంత కుదించుకుపోతుందో ముందే ఊహించి అంత పెద్దదిగా అల్లాలి కనుక, ఇక్కడ మాదిరి అంటే పూర్తయిన తొడుగు కొలత కాదు. పూర్తికాని తొడుగు కొలత. ఏ గొర్రె ఉన్ని ఎంత కుదించుకుపోతుందో ఎరిగిన ఇల్లాలికి తప్ప అది మరెవరికీ అందే లెక్క కాదు.

రంగుల బొమ్మలతో కూడిన మిటెన్లకు పునాది గడి. అల్లికలో ప్రతి కుట్టునూ ఒక చతురస్రపు గడిగా భావించవచ్చు. గడుల కాగితం మీద కొన్ని గడులను నింపి, కొన్నింటిని ఖాళీగా వదిలితే ఏర్పడే బొమ్మను అదే వరుసలో రెండు రంగుల నూలుతో అల్లవచ్చు. ఇటువంటి గడుల బొమ్మల పుస్తకాలు జర్మనీలో 16వ శతాబ్దపు తొలి భాగంలోనే అచ్చయ్యాయి. వాటిలో ఎక్కువ ప్రచారం పొందినవి న్యూరెంబర్గ్ చిత్రకారుడు యోహాన్ సీబ్‌మాకర్ 1597లోనూ ఆ తరువాతా వెలువరించినవి. అవి ప్రధానంగా ఎంబ్రాయిడరీకీ లేసుకూ ఉద్దేశించిన పుస్తకాలైనా, వాటిలోని జింకలు, పూలకుండీలు, ఎనిమిది రేకుల నక్షత్రాలు కాలక్రమంలో అల్లిక సూదుల మీదికి కూడా చేరాయి. అయితే ఉత్తరదేశాల పల్లెటూళ్లలో ఈ పుస్తకాలు చదివి అల్లినవారు అరుదు. బొమ్మ ఒకరి మేజోడు నుంచి మరొకరి మిటెన్‌కు, ఒక ఊరి చర్చిలో చూసిన తొడుగు నుంచి మరొక ఊరి సూదులకు పాకింది. తెలుగు పల్లెల్లో చుక్కల లెక్క తెలిస్తే చాలు, ఎదురింటి వాకిట్లో చూసిన ముగ్గును తన వాకిట్లో వేసుకోగల ఇల్లాలి జ్ఞాపకశక్తి ఎటువంటిదో, కుట్ల లెక్క తెలిసిన ఆ స్త్రీల జ్ఞాపకశక్తి కూడా అటువంటిదే.

ఈ చరిత్రలో అన్నింటికంటే వివరంగా తెలిసిన అధ్యాయం నార్వేలోని సెల్బు ప్రాంతానిది. ట్రోండ్‌హైమ్ నగరానికి ఆగ్నేయంగా, ఒక పెద్ద సరస్సును ఆనుకొని ఉన్న ఈ పల్లె ప్రాంతం శతాబ్దాల పాటు మిటెన్లకు కాక పిండిమరల రాళ్లకు ప్రసిద్ధి. అక్కడి కొండలలోని రాతిని చెక్కి మర రాళ్లుగా చేసి అమ్మడం రైతులకు చలికాలపు ఆదాయం. అటువంటి చోట 1841లో పుట్టిన మారిట్ గుల్సెట్‌బ్రువా, వివాహం తరువాత మారిట్ ఎమ్‌స్టాడ్, పదహారేళ్ల వయసులో, 1857లో, నలుపు తెలుపు నూలుతో మూడు జతల మిటెన్లు అల్లింది. వాటి వెనుకవైపు, అంటే చేతి పైభాగం మీద, ఎనిమిది రేకుల గులాబీ, అంటే పైన చెప్పిన నక్షత్రపు బొమ్మ, ఉంది. ఆమె, ఆమె అక్కచెల్లెళ్లు వాటిని వేసుకొని సెల్బు చర్చికి వెళ్లారు; చూసినవారు తామూ అల్లసాగారు; ఒక తరం గడిచేసరికి ఆ ప్రాంతమంతా అదే పని. మారిట్ 1929 వరకు జీవించింది కనుక తాను మొదలుపెట్టిన పని ఒక ప్రాంతానికి జీవనాధారంగా పెరగడాన్ని కళ్లారా చూసింది.

ఎనిమిది రేకుల గులాబీని మారిట్ కనిపెట్టిందని అనడం సరికాదు. ఆ బొమ్మ సీబ్‌మాకర్ పుస్తకాల్లో ఉంది, అంతకు ముందరి నేతల్లో ఉంది, 17వ శతాబ్దంలో డెన్మార్క్, నార్వేలకు చేరిన పట్టు అల్లిక చొక్కాలలో ఒకే రంగులో, ఉబ్బు కుట్లతో ఉంది. మారిట్ చేసింది మరొకటి: ఆ నక్షత్రాన్ని రెండు విరుద్ధమైన రంగుల్లో, చేతి వెనుక భాగపు కొలతకు సరిగ్గా ఇమిడేటట్లు లెక్కగట్టి, మిటెన్ ఆకారానికీ బొమ్మకూ పొత్తు కుదిర్చింది. పదహారేళ్ల పల్లెపిల్ల చేసిన ఈ లెక్కను యాదృచ్ఛికమైన అందంగా చెప్పి దాటవేసే రచనలు చాలా ఉన్నాయి, అది అన్యాయం. ఒక చుట్టులోని మొత్తం కుట్లను చేతి వెనుక వైపుకు ఒక భాగంగా, అరచేతికి ఒక భాగంగా, రెంటి మధ్య పక్కపట్టీగా విడదీయాలి. వేళ్ల కొనల వద్ద రెండు పక్కలా కుట్లు తగ్గిస్తూ పోయినప్పుడు బొమ్మ నడిమికి తెగిపోకూడదు. బొటనవేలి దగ్గర త్రికోణాకారపు చేర్పు పెరుగుతూ పోయినప్పుడు దానిలోని చిన్న బొమ్మ కూడా క్రమం తప్పకూడదు. ఇదంతా కాగితం లేకుండా చేసిన గణితం.

రెండు రంగుల అల్లికకు అందంతోపాటు ఉపయోగమూ ఉంది. ఒక కుట్టులో నలుపు నూలు పైకి వచ్చినప్పుడు తెలుపు నూలు వెనుక తేలుతూ పోతుంది, తరువాతి కుట్టులో అవి స్థానాలు మార్చుకుంటాయి; ఫలితంగా తొడుగు అంతటా రెండు పొరల ఉన్ని ఏర్పడి, రెండింటి మధ్య గాలి నిలిచి, వెచ్చదనం పెరుగుతుంది. వెనుక తేలే నూలు మరీ పొడవుగా ఉంటే వేళ్లకు తగులుకుంటుంది కనుక ఒకే రంగు వరుసగా ఎక్కువ కుట్లలో రాకుండా బొమ్మను రూపొందించుకోవాలి. సెల్బు గులాబీ రేకులలోనూ, వాటి మధ్య ఖాళీలలోనూ చిన్న చిన్న గడుల విభజన కనిపించడానికి ఈ అవసరం కూడా ఒక కారణం. అలంకారమనుకున్నదానిలో అవసరం, అవసరమనుకున్నదానిలో అలంకారం ఇంతగా కలిసిపోయిన చేతిపనులు అరుదు.

మర రాళ్ల పని 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో క్షీణించింది. ఆ లోటును మిటెన్లు పూరించాయి. గొర్రెలను పెంచి, ఉన్ని ఏకి, రాట్నంపై వడికి, అల్లి, దుకాణదారుకు ఇచ్చి బదులుగా కాఫీ, చక్కెర, పిండి తెచ్చుకోవడం సెల్బు ఇళ్లలో సాధారణ విషయమైంది. స్త్రీలతోపాటు పిల్లలూ, కొన్ని ఇళ్లలో పురుషులూ అల్లారు. అదే కాలంలో నార్వేజియన్లు ఎంతో ఇష్టపడే మంచుపలకల పరుగు, అంటే స్కీయింగ్, పట్టణవాసుల వినోదంగా వ్యాపించడంతో గిరాకీ బాగా పెరిగింది. గిరాకీతోపాటు నాసిరకం అల్లిక కూడా బజారుకు వచ్చింది. దానిని అరికట్టడానికి 1934లో సెల్బు హస్తకళల కేంద్రం ఏర్పడి కొలతలు, నూలు నాణ్యత, అల్లిక బిగువు పరిశీలించి, తనిఖీ దాటిన జతలకు ముద్ర చీటీ కట్టసాగింది. 1937 నాటికి ఏడాదికి సుమారు 1,00,000 జతల మిటెన్లు సెల్బు నుంచి అమ్ముడుపోయాయి. ఒక చిన్న గ్రామీణ ప్రాంతం చేతులతో అల్లిన సంఖ్య ఇది.

తనిఖీ మంచి చేసిందా, చెడు చేసిందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ధర నిలిచింది, పేరు నిలిచింది, మోసం తగ్గింది. అయితే కొలతలు ఖాయమయ్యాక, కొనుగోలుదారుకు నచ్చిన కొన్ని మాదిరులే మళ్లీ మళ్లీ అల్లబడటం సహజం. తన తల్లి వేసిన గులాబీకి ఒక రేకు మార్చి చూడాలన్న కోరిక అమ్మకానికి అల్లే స్త్రీకి ఖర్చుతో కూడిన కోరిక. స్వంతవారి కోసం అల్లినప్పుడు మాత్రం ఆ స్వేచ్ఛ మిగిలింది. సెల్బు పెళ్లిళ్లలో అతిథులకు మిటెన్లు కానుకగా ఇచ్చే ఆచారం 20వ శతాబ్దంలో కూడా కొనసాగింది కనుక, అమ్మకపు మిటెన్ ఒక దారినీ, పెళ్లి మిటెన్ మరొక దారినీ నడిచాయి. సాలీళ్లు, కుక్కలు, నర్తించే జంటలు, కొమ్మలు వేసిన చెట్లు మొదలైన బొమ్మలలోని వైవిధ్యం బజారు వల్ల కాక ఈ ఇంటి అల్లిక వల్లనే ఎక్కువగా నిలిచిందని భావించాలి.

పెళ్లికీ మిటెన్‌కూ ఉన్న బంధం బాల్టిక్ తీరంలో మరింత గాఢమైనది. లాట్వియాలో ఆడపిల్ల చిన్నతనం నుంచే తన పెళ్లి పెట్టెను నింపుకోవడం మొదలుపెట్టేది. ఆ పెట్టెలో మిటెన్ల జతలు పదులలోనే కాదు, సంపన్న గృహాలలో వందకు పైగా ఉండేవి. పెళ్లినాడు అత్తకు, మామకు, ఆడపడుచులకు, బండి తోలినవాడికి, పురోహితుడికి మిటెన్లు అందేవి. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన వధువు పొయ్యి దగ్గర, గుమ్మం దగ్గర, పశువుల పాకలో కూడా మిటెన్లు ఉంచి ఆ ఇంటిని తనదిగా చేసుకునేది. కోడలి ఓర్పు, చేతివాటం, రంగుల పొందిక అన్నింటినీ అత్తవారు ఆ జతలు చూసి అంచనా వేసేవారు కనుక, ఇది ప్రేమతో ఇచ్చే కానుకే అయినా దాని వెనుక ఏళ్ల తరబడి సాగిన ఒత్తిడి కూడా ఉంది. ఆ ఒత్తిడిని మరచి మిటెన్ల అందాన్ని మాత్రమే పొగడడం ఆ బాలికలకు న్యాయం చేయదు.

లాట్వియా మాదిరులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. కుర్జెమె, విద్జెమె, లాట్‌గలె వంటి ప్రాంతాలకు తమ తమ రంగులూ, అంచులూ ఉన్నాయి కనుక తెలిసినవారు మిటెన్‌ను చూసి మనిషి ఊరు చెప్పగలిగేవారు. 1896లో రీగాలో జరిగిన లాట్వియన్ జానపద ప్రదర్శన ఇటువంటి ఇంటి వస్తువులను ఒకచోట చేర్చి, రష్యా సామ్రాజ్యపు పాలనలో ఉన్న ఒక జాతికి తన స్వరూపాన్ని తానే చూసుకునే అవకాశం ఇచ్చింది. అంతవరకు పెట్టెలో ఉన్న మిటెన్ అప్పటి నుంచి జాతి గుర్తుగా కూడా లెక్కకు వచ్చింది. 2006లో రీగాలో నాటో సమావేశం జరిగినప్పుడు దేశమంతటా అల్లిన 4,500 జతల మిటెన్లను ప్రతినిధులకూ అతిథులకూ కానుకగా ఇచ్చారు. పెళ్లి అతిథికి దక్కిన గౌరవమే దేశపు అతిథికీ దక్కిందన్నమాట.

అచ్చు మాదిరుల యుగం 19వ శతాబ్దంలో పట్టణ మధ్యతరగతి ఇళ్లలో మొదలైంది. ఎడిన్‌బరోలో నూలు దుకాణం నడిపిన జేన్ గోగెన్ 1840లో వెలువరించిన పుస్తకం అల్లిక కుట్లకు సంక్షిప్త గుర్తులు వాడి, చూసి నేర్చుకునే విద్యను చదివి నేర్చుకోదగినదిగా చేసింది. కుట్టుపనిలో అటువంటి మలుపు 1863లో అమెరికాలో వచ్చింది. దర్జీ ఎబెనీజర్ బటరిక్ ఒకే దుస్తును పలు కొలతలలో పల్చని కాగితంపై కత్తిరించి అమ్మడం ఆరంభించాడు. అంతవరకు దర్జీ చేతిలోనో, తల్లి చేతిలోనో ఉన్న హద్దుగీత తపాలాలో ఇంటికి రాసాగింది. మిటెన్ విషయంలో మాత్రం కొన్న కాగితం ఏనాడూ తప్పనిసరి కాలేదు. అరచేతిని కాగితంపై బోర్లించి, బొటనవేలిని కొంచెం పక్కకు చాపి, చుట్టూ గీత గీసి, కుట్టుకూ కదలికకూ చోటు వదిలి కత్తిరిస్తే మాదిరి సిద్ధం. పాత కోటు నుంచి, అరిగిన దుప్పటి నుంచి, కుదించుకుపోయిన స్వెటర్ నుంచి ఇలా మిటెన్లు కత్తిరించడం పొదుపుకాలపు గృహాలన్నింటికీ తెలిసిన పని.

రెండు ప్రపంచయుద్ధాలు మాదిరిని మరింత కట్టుదిట్టం చేశాయి. సైనికులకు ఇళ్లలో అల్లించి పంపిన తొడుగులు ఒకే కొలతకు, ఒకే రంగుకు ఉండాలి కనుక రెడ్‌క్రాస్ వంటి సంస్థలు ముద్రిత సూచనలు పంచాయి. తుపాకీ మీట నొక్కడానికి చూపుడువేలిని విడిగా ఉంచిన మిటెన్ ఆ సూచనలలో ప్రత్యేక స్థానం పొందింది. అనేక కుటుంబాలలో బామ్మ చేతి మాదిరి, రెడ్‌క్రాస్ కాగితం పక్కపక్కన నిలిచిన కాలం అది.

యుద్ధాల తరువాత యంత్రపు అల్లిక చౌక కావడంతో ఇంటి మిటెన్ ఆదాయవనరుగా వెనుకబడింది. దాని చరిత్రను కాపాడినవారిలో ఎక్కువమంది అల్లిక తెలిసిన స్త్రీలే. దక్షిణ నార్వేలో పాత ఉన్ని బట్టలను చీల్చి మళ్లీ ఉన్నిగా మార్చే కర్మాగారాన్ని 1983లో కొన్న ఆన్నెమోర్ సుండ్‌బో, అక్కడి పాతగుడ్డల కుప్పలో పడిఉన్న తొడుగులనూ స్వెటర్లనూ పారేయకుండా ఏరి, వాటి ఆధారంగా 1994 నుంచి పుస్తకాలు రాసింది. అమెరికాలో లిజ్‌బెత్ ఉపీటిస్ 1981లో వెలువరించిన లాట్వియన్ మిటెన్ల పుస్తకం, సోవియట్ పాలనలో ఉన్న ఆ దేశపు మాదిరులను గడుల కాగితంపై బయటి ప్రపంచానికి అందించింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో రాబిన్ హాన్సెన్ వృద్ధ స్త్రీల నుంచి సేకరించిన మిటెన్ మాదిరులు 1983లో గ్రంథస్థమయ్యాయి. సెల్బులో ఆన్నె బోర్డ్‌స్‌గోర్డ్ పాత మిటెన్లను కుట్టు కుట్టుగా లెక్కపెట్టి గీసిన 500కు పైగా గడుల పటాలు 2016లో నార్వేజియన్‌లో పుస్తకంగా వచ్చాయి. సెల్బు పురపాలక చిహ్నంలో కూడా నేడు ఆ గులాబీలే ఉన్నాయి.

ఈ చరిత్రకు తెలుగునేలతో నేరు సంబంధం లేకపోయినా, దాని సామాజిక స్వరూపం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి చేరిన క్రోషే లేసు అల్లిక నరసాపురం పరిసరాలలో వేలాది స్త్రీల ఇంటిపని అయింది; వారు అల్లినది విదేశాలకు ఎగుమతి అవుతున్నా, లెక్కలలో వారు గృహిణులుగా, వారి శ్రమ తీరిక సమయపు పనిగానే నమోదయ్యాయని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన అధ్యయనంలో చూపింది. సెల్బుకూ నరసాపురానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఒకటుంది. సెల్బులో మొదటి అల్లికగత్తె పేరు, వయసు, ఆమె అల్లిన జతల సంఖ్య ఊరివారికి గుర్తున్నాయి. ఆ ఊరి మాదిరులను అదే ఊరికి దగ్గరైనవారు లెక్కపెట్టి గీసి భద్రపరిచారు. గోదావరి తీరపు లేసు మాదిరులను అల్లినవారి పేర్లతో సహా, కుట్ల లెక్కతో సహా నమోదు చేసే పనిని తెలుగు విశ్వవిద్యాలయాలూ, పురావస్తు ప్రదర్శనశాలలూ చేపట్టాలి. ఆ మాదిరులు చేతుల్లో ఉన్న వృద్ధ స్త్రీలు జీవించి ఉండగానే ఆ పని జరగాలి.